ముల్లు తీసే చెయ్యి, పువ్వు కుట్టే సూది

నాకిప్పుడు ఏడు రకాల కుట్లు వచ్చు. నమ్మకపోతే సముద్రం దాటి మా దీవిలో ఉన్న బాంబూఫ్లాట్ వచ్చి చూసుకోండి. నలభై ఆరేళ్ళవాణ్ణి, మీసాలున్నవాణ్ణి, ఊహ తెలిసిన దగ్గర్నుంచి సముద్రంలో వలలు లాగినవాణ్ణి. గుడ్డ మీద కాడ, ఆకు, పువ్వు, పువ్వు మధ్యలో పుప్పొడి చుక్కలతో సహా కుట్టి చూపిస్తాను. మా బామ్మర్ది అప్పన్న నన్ను 'టైలరు బావ' అంటున్నాడు. అననీండి. చొక్కా గుండీ ఊడితే వాడు నా దగ్గరికే వస్తున్నాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నాలాంటి జబ్బే వచ్చి, ఏదో ఒక ఆసుపత్రి బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు కదా, వాళ్ళ కోసం. పెన్ను పట్టుకోవడం కూడా వేళ్ళకు కసరత్తేనని మా ఫిజియోథెరపీ మేడమ్ చెప్పింది, అదీ ఒక కారణం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను కాబట్టి అక్షరాలు నన్ను వదిలిపోలేదు. మా అమ్మాయి గౌరి తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవమంటే కూడబలుక్కుంటుంది. దానికి నేనే చదివి వినిపించాలి.

జూన్‌లో మొదలైంది. వానలు పట్టి, మా మోటారు పడవని, డుంగీ అంటాం మేం, ఒడ్డుకు లాగేసిన వారం. జ్వరం వచ్చింది, తగ్గింది. ఆ తర్వాత అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టు తిమ్మిరి. ఉప్పునీళ్ళలో నాని నాని అలా అయిందనుకున్నాను. మా ఆవిడ పైడమ్మ వేణ్ణీళ్ళు కాచి పోసి, కొబ్బరినూనె మర్దనా చేసింది. మర్నాటికి తిమ్మిరి మోకాళ్ళకెక్కింది. ఆ పై రోజు చేతిలో చెంబు జారి కిందపడితే, అది జారినట్టు నా చేతికి తెలియనేలేదు. ఇక్కడొక మాట గట్టిగా చెబుతాను. కాళ్ళ నుంచి తిమ్మిరి పైకి పాకుతుంటే నూనె రాసుకుంటూ ఇంట్లో కూర్చోకండి. ఆసుపత్రికి పరుగెత్తండి. మేం మర్దనాలతో కాలం పోగొట్టుకున్నాం.

అప్పన్న నన్ను వీపున మోసుకుని ఫెర్రీ ఎక్కించాడు. అవతల చాతం రేవులో దిగి, ఆటోలో ఆసుపత్రికి. డాక్టరు పొడుగాటి ఇంగ్లీషు పేరు చెప్పాడు. నాకర్థమైంది ఇంతే: ఒంటిని కాపాడాల్సినవే తిరగబడి నా నరాల మీద పడ్డాయట. మందిస్తామన్నాడు. చాలామందికి మెల్లగా కాళ్ళూ చేతులూ తిరిగొస్తాయన్నాడు. మా పైడమ్మ ఆ 'చాలామంది'ని పట్టుకుంది.

"మిగిలినోలకి ఏటవుద్ది బాబూ?" అని అడిగింది.

ఆయన "చూద్దామమ్మా" అన్నాడు. పైడమ్మ లేచి బయటికి నడిచింది. వరండాలో గోడవార కూర్చుని, చీరకొంగు నోట్లో పెట్టుకుని ఏడవడం మంచం మీంచి నాకు కనిపించింది.

ఆ వారాల గురించి ఎక్కువ రాయను. ఊపిరి యంత్రాన్ని తెచ్చి నా మంచం పక్కనే ఉంచారు, అవసరం పడొచ్చని. దాన్ని చూస్తూ ఊపిరి తీసేవాణ్ణి. అవసరం పడలేదు, గంగమ్మ తల్లి దయ. అయితే ఒక సంగతి చెప్పి తీరాలి. ముక్కు దురద పెడితే గోక్కోలేని మనిషి అవస్థ మీకు తెలుసా? ఓరి నాయనో, పగవాడికి కూడా వద్దు! వార్డులో నికోబారీ సిస్టరు ఒకావిడ దాన్ని కనిపెట్టింది. అటు పోతూ ఇటు పోతూ "భయ్యా, నాక్ ఠీక్ హై?" అని అడిగేది. ముక్కు బాగుందా అని! బాగోలేదంటే గోకి పోయేది. ఆవిడ పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.

ఆగస్టులో ఇల్లు చేరాను. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాను. చేతులు మాత్రం మోచేతుల కింద నావి కావు. బొటనవేలు వచ్చి చూపుడువేలిని తాకేది కాదు. పైడమ్మ తెల్లారకముందే జెట్టీకి పోయి చేపలు తెచ్చుకుని బజార్లో అమ్మి, వచ్చి నాకు అన్నం కలిపి పెట్టేది, చొక్కా తొడిగేది. అప్పన్న డుంగీ తిప్పేవాడు. అందరూ మంచిగానే ఉండేవారు. అదే నాకు మింగుడుపడేది కాదు.

మా ఇంట్లో ముల్లు తీసే పని నాది. చేపలమ్మే మనిషికి ముల్లు గుచ్చుకోవడం మామూలే. పెళ్ళయిన కొత్తలోనే పైడమ్మ చెయ్యి చాపితే, గుమ్మంలో వెలుతురుకి కూర్చోబెట్టి సూదితో తీశాను. అప్పట్నుంచి అదే అలవాటు. చెయ్యి చాపడం ఆమె వంతు, తియ్యడం నా వంతు. సందులోవాళ్ళు కూడా నా దగ్గరికే వచ్చేవారు, నెత్తురు కారకుండా తీస్తానని నాకు పేరు. ఆ ఆగస్టులో ఒక మధ్యాహ్నం పైడమ్మ జెల్ల ముల్లు గుచ్చుకుని ఇంటికొచ్చింది. నన్ను దాటుకుని పెరట్లోకి పోయి, అటునుంచి అటే పక్కింటికి పోయింది. తిరిగొచ్చినప్పుడు చెయ్యి కొంగులో ఉంది.

"ఏటైంది?" అన్నాను.

"ఏటీ నేదు" అంది.

కాళ్ళు పడిపోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు నేను. ఆ రోజు గోడవైపు తిరిగి ఏడ్చాను. డుంగీ అప్పన్న నడుపుతాడు, వల ఎవరో ఒకరు లాగుతారు. మా ఆవిడ చేతిలో ముల్లు మాత్రం నేను తియ్యాలి. ఈ వేళ్ళు మళ్ళీ సూది పట్టాలి. నాకు కావలసింది అదొక్కటేనని ఆ రోజే అనుకున్నాను.

సెప్టెంబరు నుంచి ఫిజియోథెరపీకి తిరగడం. ఫెర్రీ దిగి పోయేసరికి అక్కడ ఎప్పుడూ జనమే. పేరు పిలిచేదాకా బెంచీ మీద కూర్చోవాలి. ఒకనాడు నా పక్కన డెలానీపూర్ నుంచి వచ్చిన బెంగాలీ పెద్దావిడ కూర్చుంది. మాలతి దీదీ. భర్తకు పక్షవాతం, ఆయన్ని లోపలికి పంపి బయట ఉంది. చేతిలో గుండ్రటి చెక్క రింగు, రింగులో బిగించిన తెల్లటి దిండుగలీబు, దాని మీద కుడుతున్న ఎర్ర మందారం. నేను మందారాన్ని చూడలేదండీ. సూదిని చూశాను. రెండువేళ్ళ మధ్య సూది ఎలా నిలబడుతోందో, ఎలా మునిగి ఎలా తేలుతోందో కళ్ళార్పకుండా చూశాను.

"క్యా భయ్యా, నేర్చుకుంటావా?" అంది నవ్వుతూ. ఆవిడ ఇంటి చుట్టూ తెలుగువాళ్ళే, అందుకని తెలుగూ హిందీ కలిపి ఒక కిచిడీ మాట్లాడుతుంది.

"నా వేళ్ళు చూడు దీదీ."

"చూశాను. మంచి వేళ్ళు ఉన్నవాళ్ళకి నేర్పడంలో క్యా మజా?"

ఆ మాటకి నాకు ఒళ్ళు పులకరించింది! మరుసటిసారి ఆవిడ నా కోసం గోనెలాంటి ముతక గుడ్డ, పెద్ద కన్నున్న లావు సూది, ఊలు దారం తెచ్చింది. సూది జారిపోకుండా తల దగ్గర కట్టుగుడ్డ చుట్టింది. పైకి తియ్, కిందికి దించు, అంతే, దీన్ని రన్నింగ్ కుట్టు అంటారంది. ఒక్క కుట్టు వెయ్యడానికి నాకు చెమటలు పట్టాయి. లోపల్నుంచి నా పేరు పిలిస్తే "ఒక్క నిమిషం మేడమ్, ఇంకోటి ఉంది!" అని అరిచాను. బెంచీ అంతా నవ్వింది.

గుడ్డ ఇంటికి తెచ్చుకున్నాను. మళ్ళీ ఆసుపత్రికి పోయేలోపు పట్టుదలగా ఒక వరస మొత్తం కుట్టి, రాజాలాగా తీసుకెళ్ళి దీదీ ఒళ్ళో పెట్టాను. ఆవిడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. గుడ్డ ఎండుచేపలా ముడుచుకుని ఉంది. వెనక్కి తిప్పి చూసి, కళ్ళజోడు జారిపడేలా నవ్వింది.

"అరే బాబా! ప్రతి కుట్టుకీ ముడి వేశావా?"

"వెయ్యొద్దా?"

"ఈ వేళ్ళతో ముడి కైసే వేశావు?"

"పళ్ళతో బిగించాను" అన్నాను.

ఏం చెయ్యను? వల అల్లే చెయ్యి ఇది. వలలో ప్రతి కన్నుకీ ముడి పడాలి, పడ్డ ముడి బిగియాలి. ఒక కన్ను తెగినా పక్క కన్ను విడిపోకూడదు. ముడి వదులుగా వేస్తే చిన్నప్పుడు మా నాన్న నెత్తిమీద మొట్టేవాడు. అదంతా దీదీకి చెప్పాను. శ్రద్ధగా విని, ఒక్క ప్రశ్న అడిగింది.

"వలలో అయితే చేప ఉంటుంది. గుడ్డలో ఎవరున్నారు భయ్యా? ఎవరు పారిపోతారు?"

గుడ్డ మళ్ళీ నా చేతిలో పెట్టి, "ఢీలా ఛోడో" అంది. వదులుగా విడిచిపెట్టమని. వినడానికి చిన్న మాట, చెయ్యడం మహా కష్టం. సత్తువ లేని వేళ్ళకి కూడా బిగించే అలవాటు పోలేదు! గుడ్డ ముడతపడకుండా, దారం వేలాడకుండా, ఆ మధ్యలో ఎక్కడో ఆపడం నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది.

అక్టోబరు మాత్రం పండగే. ఫెర్రీలో అందరికన్నా ముందు నేనే నిలబడేవాణ్ణి. ఇంత తొందరగా ఆసుపత్రికి పోయే మనిషిని ఎక్కడా చూడలేదని టిక్కెట్లబ్బాయి అన్నాడు. వెనక కుట్టు వచ్చింది, కాడకుట్టు వచ్చింది. తర్వాత దీదీ గొలుసుకుట్టు చూపించింది. దారాన్ని కన్నులా పరిచి, వచ్చిన బెజ్జంలోనే సూది దించి, ఆ కన్నులోంచి పైకి తియ్యాలి. ఒక కన్ను ఇంకో కన్నుని పట్టుకుంటుంది. "దీదీ, ఇది మా వలే!" అని ఎగిరినంత పని చేశాను. ముడి లేకుండానే నిలబడే వల! కుడితే కుట్టాలనిపించింది. గొలుసులో ఒక్క కన్నే విడిగా వేసి, కొసన చిన్న కుట్టుతో ఆపితే పూరేకు అవుతుందట. ఆ మధ్యాహ్నం గుడ్డ నిండా పూరేకులే.

ఇక నవంబరు. దీన్ని మాత్రం నెమ్మదిగా చదవండి.

వేళ్ళ కొసల్లో నాకు స్పర్శ లేదు. సూది గుచ్చుకుంటే తెలిసేది కాదు, గుడ్డ మీద ఎర్రచుక్క కనిపిస్తే అప్పుడు వేలు చూసుకునేవాణ్ణి. గౌరి నా ఎడమచేతి వేళ్ళకు ప్లాస్టర్లు చుట్టి పంపేది. ఆ రోజు బెంచీ మీద ఆకు కుడుతున్నాను. ఆకు నడిమి ఈనెకు అటొకటి ఇటొకటి వాలుగా వేసే కుట్టు అది. దీదీ దాన్ని 'మచ్లీ కా కాంటా' అంది, చేపముల్లు కుట్టన్నమాట. చేపముళ్ళు ఎటు వాలతాయో నాకెవరు చెప్పాలి! హుషారుగా లాగిస్తున్నాను. ప్లాస్టరు జారింది. సూది ఎడమచేతి చూపుడువేల్లో దిగింది. చురుక్కుమంది.

చురుక్కుమంది!

"గుచ్చుకుంది! ఓలమ్మో, నొప్పెడతంది!" అని లేచి నిలబడి అరిచాను. హాలంతా నా వైపు తిరిగింది. ఒకావిడ పాపం, "డాక్టర్ని పిలవండి" అని పరుగెత్తింది. నేను ఏడుస్తూ నవ్వుతూ వేలు గాల్లోకి ఎత్తి అందరికీ చూపిస్తున్నాను. దీదీ భర్త, మాట పడిపోయిన మనిషి, చక్రాల కుర్చీలోంచి, బాగున్న ఎడమచేత్తో తొడ మీద టపటపా చరుస్తున్నాడు. అది చప్పట్లని దీదీ చెప్పింది. మేడమ్ బయటికొచ్చి నా వేళ్ళన్నీ ఒక్కొక్కటే గిల్లి చూసింది. "నరం దారిలో పడింది" అంది. ఫెర్రీలో ఇంటికొస్తూ దారి పొడుగునా ఆ వేలిని నేనే గిల్లుకున్నాను, నొప్పి ఉందా లేదా అని. ఉంది, హాయిగా ఉంది.

డిసెంబరులో తగువు వచ్చింది. అదీ రాయాలి, జబ్బంటే ఒక్క మనిషికే రాదు. ఆ సాయంత్రం నేనూ గౌరీ చాప మీద రంగుదారాలన్నీ పరుచుకుని, కేరింతలు కొడుతూ కూర్చున్నాం. అంతకుముందే దీదీ ముడికుట్టు నేర్పింది. సూదికి దారం చుట్టి, వచ్చినచోటికి ఆనుకునే దించితే పుప్పొడి చుక్కలా ముడి పడుతుంది. ముడి వెయ్యొచ్చని చెప్పాక నన్ను ఎవరాపగలరు! పొయ్యి మీద ఎసరు పెట్టలేదు, గుర్తే లేదు. పైడమ్మ బజారునుంచి వచ్చి, బుట్ట దించి, ఆ దారాల వంక చూసింది.

"బాగుంది మావా. నాను సేపలు తోముకుంటాను, నువ్వు పువ్వులు కుట్టుకో."

"అది కాదే, వేళ్ళకి మంచిదని మేడమ్..."

"ఎవులికి మంచిది? నా సేతులు సూడు! ముల్లు దిగితే పక్కింటోలని బతిమాలుకుంటన్నాను."

"నాకు చూపించు, తీస్తాను" అన్నాను.

"ఆ సేతుల్తోనా?" అంది.

అనేశాక తనే నాలిక్కరుచుకుంది. అప్పటికే మాట నన్ను తాకింది. గౌరి లేచి బియ్యం కడగబోయింది. నేను దారాలు ఏరి డబ్బాలో పెట్టాను. ఆవిడది తప్పు కాదు. జూన్ నుంచి ఒక్కరోజు ఒళ్ళు వాల్చని మనిషి ఆవిడ. కానీ ఆ మాట చెవిలో పోరుపెడుతూనే ఉంది.

తర్వాతి వారం బెంచీ మీద నా కాడకుట్టు వంకరపోయింది. దీదీ "ఖోలో" అంది, విప్పెయ్యమని. విప్పడం నాకు చిరాకు. కుట్టినదాన్ని ఎవడు విప్పుతాడండీ? సణుక్కుంటూ మొదలుపెట్టాను. సూది మొనని దారం కిందికి మెల్లగా పోనివ్వాలి, గుడ్డ పోగు తెగకూడదు, పైకి కొంచెం లేపాలి, లేచిన కొసని పట్టుకుని లాగాలి. రెండు కుట్లు విప్పాక నా చెయ్యి ఆగిపోయింది. ఇది నాకు తెలిసిన పనే! చర్మం తెగకుండా మొన పోనిచ్చి, ముల్లు కొస లేపి, పట్టుకుని లాగడం ఇదే కదా!

ఆ రోజునుంచి నాకు విప్పే పిచ్చి పట్టింది. గుడ్డ నిండా సన్నసన్న కుట్లు దగ్గరదగ్గరగా వేసేవాణ్ణి, అన్నీ విప్పేవాణ్ణి. లావు సూది వదిలి సన్న సూదికి వచ్చాను, ముతకగుడ్డ వదిలి పల్చటి మల్లుగుడ్డకి. జనవరంతా ఇదే పని.

దీదీ బెంబేలెత్తిపోయింది. "బాగా కుట్టినది కూడా విప్పేస్తున్నావేం భయ్యా? పాగల్ హో గయే?" అంది, పిచ్చెక్కిందా అని. ముల్లు సంగతి చెప్పాను. ఆవిడ ఏమీ అనకుండా తన సూదులపెట్టెలోంచి అన్నిటికన్నా సన్నదాన్ని తీసి నా చొక్కా జేబుకి గుచ్చింది.

ఫిబ్రవరి. ఎండ బాగా కాసిన ఒక మధ్యాహ్నం. గుమ్మంలో కూర్చుని గౌరి జేబురుమాలు మీద దాని పేరు గొలుసుకుట్టుతో కుడుతున్నాను, తెలుగక్షరాల్లో, అట్లాగైనా చదువుతుందని. పైడమ్మ వచ్చింది. బుట్ట దించింది. కుడిచెయ్యి మూసుకుని ఉంది. పక్కింటివైపు అడుగువేసి, ఆగింది. నా చేతిలో సూది వైపు చూసింది. వచ్చి నా ఎదురుగా కూలబడి, మొహం అటు తిప్పుకుని, చెయ్యి నా మోకాలి మీద పెట్టింది.

"తియ్యి" అంది.

రుమాలు పక్కన పెట్టి, జేబునుంచి దీదీ ఇచ్చిన సన్న సూది తీసి, అగ్గిపుల్ల వెలిగించి కాల్చాను. ముల్లు అరచేతిలో బొటనవేలి మొదట్లో ఉంది, నల్లటి గీతలా. నా చెయ్యి వణికింది. బిగించబోయాను. ఢీలా ఛోడో, అనుకున్నాను. వదిలాను. వణుకు తగ్గింది. సూది మొన చర్మం కింద పోనిచ్చాను. ముల్లుకి తగిలినప్పుడు ఆ చిన్న గట్టిదనం నా వేలికి తెలిసింది! గౌరి లోపల్నుంచి వచ్చి ఊపిరి బిగబట్టి నిలబడింది. కొస లేపాను. రెండు వేళ్ళతో పట్టాను. జారింది. మళ్ళీ పట్టాను. వచ్చేసింది.

నెత్తురు రాలేదు. ముల్లుని రుమాలు మీద పెట్టి అందరికీ చూపించాను. గౌరి చప్పట్లు కొట్టింది. నేను మీసం కూడా దువ్వాను, అబద్ధమెందుకు. పైడమ్మ అరచెయ్యి రుద్దుకుంది, వేళ్ళు ముడిచి చూసుకుంది. లేస్తుందనుకున్నాను. లేవలేదు. ఎడమచెయ్యి చాపింది.

"ఇదొకటుంది."

చూపుడువేలి కణుపు దగ్గర ఇంకో ముల్లు. చుట్టూ ఎర్రగా వాచి ఉంది.

"ఇదెప్పటిది?"

"మొన్నటిది."

"మొన్నటిదా! వాచిపోయింది కదే. పక్కింటికి ఎందుకెల్లలేదు?"

పైడమ్మ నావైపు విచిత్రంగా చూసింది.

"నువ్వున్నావు గదా" అంది.

నేను మళ్ళీ సూది కాల్చాను.